పొద్దున బెజవాడలో భూమి కదిలింది. మనం భూమి పైపెంకులో ఒక పలక మధ్యలో ఉన్నాం కదా, మరి ఎందుకు?

పటమట అమ్మ · 4 డిసెంబరు 2024, ఉదయం 9:10

అందరికీ నమస్కారం. పొద్దున ఏడున్నరకు కాస్త ముందు, నాలుగో అంతస్తులో ఉన్న మా ఇంట్లో భూకంపం తెలిసింది. బాబుకి బాక్సు సర్దుతున్నాను. ముందు స్టాండులో స్టీలు గ్లాసులు సన్నగా గలగలమన్నాయి. పక్కింటివాళ్ళు డ్రిల్లింగ్ మొదలుపెట్టారేమో అనుకున్నా. ఆ చప్పుడు ఆగిపోయింది. మూత బిగించి క్యారేజీ సంచిలో పెట్టేలోపు, గట్టు మీద బిందెలో నీళ్ళు ఒక పక్కకి వాలి మళ్ళీ ఇటు వచ్చాయి. హాల్లో ఫ్యాను స్విచ్ వేయలేదు, అయినా ఊగుతోంది. కళ్ళు తిరుగుతున్నాయేమో, బీపీ చూపించుకోవాలి అనుకున్నా. బాబు వచ్చి "అమ్మా, భూకంపం" అంటే గానీ తట్టలేదు.

ములుగు దగ్గర వచ్చింది, తీవ్రత 5.3 అని టీవీలో చెప్తున్నారు. ములుగు ఎక్కడ, పటమట ఎక్కడ! వాడు ఎనిమిదో తరగతి. మెట్లు దిగుతూనే అడిగాడు: "భూకంపాలు పలకల అంచుల్లో వస్తాయని మా పుస్తకంలో ఉంది. మనం అంచులో లేము కదా, మరి ఎలా వచ్చింది?" నా దగ్గర జవాబు లేదు. తెలిసినవాళ్ళు వాడికి అర్థమయ్యేలా చెప్తారా?

కృష్ణలంక కుర్రాడు · ఉదయం 9:22

మాది గ్రౌండ్ ఫ్లోర్ అక్కా, మాకు ఏమీ తెలియలేదు. కానీ వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతోంది, రాత్రి 2 గంటలకు ఇంతకంటే పెద్దది వస్తుందట, ఎవరో విదేశీ సైంటిస్టులు చెప్పారట. మా అమ్మమ్మ పాస్ పుస్తకాలు, మందులు సంచిలో పెట్టుకుని కూర్చుంది. చాలా టెన్షన్‌గా ఉంది. ఎవరైనా చెప్పండి.

రాళ్ళ మాస్టారు, గుంటూరు · ఉదయం 10:05

ముందు అమ్మమ్మ గారి సంగతి. బాబూ, ఆవిడ పక్కన కూర్చుని ఈ మాట చదివి వినిపించు. ఫలానా రోజు ఫలానా గంటకు భూకంపం వస్తుందని చెప్పగలిగిన మనిషి గానీ మిషను గానీ ఈ ప్రపంచంలో లేదు. జపాన్ వాళ్ళ దగ్గరా లేదు. 1975లో చైనాలోని హైచెంగ్ దగ్గర వరసగా చిన్న ప్రకంపనలు రావడం చూసి జనాన్ని ఇళ్ళలోంచి బయటికి పంపారు, ఎందరో బతికిపోయారు. ఇక ముందే పసిగట్టేస్తాం అనుకున్నారు. మరుసటి ఏడాదే తాంగ్‌షాన్‌లో చెప్పాపెట్టకుండా వచ్చింది, 2 లక్షల 40 వేల మందికి పైగా పోయారు. గంట చెప్పి మరీ భయపెట్టే మెసేజ్ అబద్ధమని ఆ గంట చెప్పడంలోనే తెలిసిపోతుంది. ములుగు పరిసరాల్లో చిన్న చిన్న అదురులు ఇంకొన్ని రావచ్చు. అంత చిన్నవి కృష్ణలంక దాకా తెలియవు.

ఇప్పుడు పటమట అమ్మగారి అబ్బాయికి. నాన్నా, మీ పుస్తకం తప్పు చెప్పలేదు, సగం చెప్పింది. ప్రపంచంలో పదింట తొమ్మిది భూకంపాలు పలకల అంచుల్లోనే వస్తాయి. మనకు వచ్చింది ఆ పదోది.

భూమి పైపెంకు ఒకే ముక్క కాదు. ఏడెనిమిది పెద్ద పలకలు, ఇంకా చిన్నవి బోలెడు. ఒక్కోటి సుమారు వంద కిలోమీటర్ల మందం. వాటి కింద కుతకుత ఉడికే లావా సముద్రం ఉందని చాలామంది అనుకుంటారు, టీవీల్లో కూడా అలాగే బొమ్మ వేస్తారు. అది నిజం కాదు. కింద ఉన్నదీ రాయే. రోడ్డు వేసేచోట తారు డబ్బా చూశావా? సుత్తితో కొడితే పెళుసుగా పగులుతుంది. అదే డబ్బాను పక్కకి పడేసి వదిలేస్తే ఎండాకాలం గడిచేసరికి మెల్లగా కారి మడుగు కడుతుంది. భూమి లోపలి రాయి కూడా అంతే. మన కళ్ళకు గట్టిది, లక్షల ఏళ్ళ లెక్కలో పారేది. దాని మీద పలకలు కదులుతాయి.

కదిలించేది ఏమిటంటావా? లోపలి వేడి ఒక కారణం. దానికంటే బలమైనది బరువు. తడి చీరను తీగ మీద ఆరేస్తే ఒక అంచు ఎక్కువ కిందకి దిగిందనుకో, ఆ బరువుకి మొత్తం చీరే జారిపోతుంది కదా. సముద్రం అడుగున ఉన్న పలక పాతబడి చల్లబడి బరువెక్కి ఒక అంచున కిందకి మునుగుతుంది. మునుగుతూ వెనకున్నదాన్నంతా లాక్కుంటుంది.

మన భారత పలక ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యంగా జరుగుతోంది. దాదాపు మన గోళ్ళు పెరిగేంత వేగం. సుమారు 5 కోట్ల ఏళ్ళ కిందట ఆసియాను గుద్దుకుంది, హిమాలయాలు లేచాయి. గుద్దుకున్నా ఆగలేదు, ఇప్పటికీ నెడుతూనే ఉంది. ముందు ఆసియా అడ్డం, వెనక హిందూ మహాసముద్రం అడుగు నుంచి తోపు. అంటే బెజవాడ, గుంటూరు, ములుగు అన్నీ ఆ ఒత్తిడిలోనే ఉన్నాయి.

ఒత్తిడి అంతటా ఉంటే ములుగులోనే ఎందుకు తెగింది? పాత చీరను రెండు వైపులా పట్టుకుని లాగు. ఎక్కడ చిరుగుతుంది? ఎప్పుడో చిరిగి కుట్టు వేసిన చోట. గోదావరి లోయ మన పలక మీద అలాంటి పాత కుట్టు. ఎప్పుడో 25, 30 కోట్ల ఏళ్ళ నాడు అక్కడ నేల సాగి, చీలి, పొడుగ్గా కుంగిపోయింది. ఆ కుంగిన చోట ఇసుక, బురద, అడవులు పూడి నేటి సింగరేణి బొగ్గయ్యాయి. బొగ్గు ఇచ్చిన చీలికే ఈరోజు పొద్దున మీ బిందెలో నీళ్ళు కదిలించింది.

తెనాలి తాతయ్య · ఉదయం 11:40

మాస్టారు గోదావరి లోయ అనగానే నాకు 1969 గుర్తొచ్చింది. భద్రాచలం భూకంపం. ఏప్రిల్ నెల, రాత్రి భోజనాలు అయ్యాక వాకిట్లో నులక మంచాలు వేసుకుని పడుకున్నాం. నేను అప్పుడు కుర్రాణ్ణి. ఎవరో మంచం కోడు పట్టుకుని గుంజినట్టయింది. తమ్ముడు ఆకతాయితనం చేస్తున్నాడని వాణ్ణి తిట్టాను. వాడు నన్ను తిడుతున్నాడు. అప్పుడు కొట్టంలో గేదెలు ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి. మా నాయనమ్మ "ఆదిశేషుడు పడగ మార్చాడురా" అని దణ్ణం పెట్టుకుంది. తెల్లారి పేపర్లో చూశాకే భూకంపం అని తెలిసింది.

మాస్టారూ, ఆదిశేషుడి మాట పిల్లలకి చెప్పకూడదంటారా? మా మనవరాలు అడుగుతోంది.

రాళ్ళ మాస్టారు, గుంటూరు · మధ్యాహ్నం 12:15

చెప్పండి తాతయ్యగారూ, తప్పకుండా చెప్పండి. కాళ్ళ కింద నేల కదలనిదని మన పెద్దలు అనుకోలేదు. కింద ఏదో మోస్తోందని, అది అప్పుడప్పుడు సర్దుకుంటుందని అనుకున్నారు. ఆ ఊహకు నేను చెయ్యెత్తి దణ్ణం పెడతాను. తరవాత పలకల సంగతి కూడా చెప్పండి, పిల్ల రెండూ దాచుకుంటుంది.

మీరు చెప్పిన 1969 ఏప్రిల్ 13 నాటిది 5.7. అంతకు రెండేళ్ళ ముందు, 1967 మార్చి 27న ఒంగోలు దగ్గర 5.4 వచ్చింది. ములుగుది మొదటిదీ కాదు, వింతా కాదు.

జగ్గయ్యపేట నుంచి · మధ్యాహ్నం 1:30

మాకు ఇదేం కొత్త కాదు. 2020 జనవరిలో చింతలపాలెం చుట్టుపక్కల వరసగా అదురులే. 26వ తేదీ తెల్లవారుజామున రెండున్నర దాటాక 4.6 వచ్చింది. మంచం కింద లారీ పోయినట్టు చప్పుడు. ఊరంతా రోడ్డు మీదే. ఆ తరవాత వారం రోజులు మా ఆవిడ తలుపు గొళ్ళెం వేయనివ్వలేదు. మా ఊళ్ళో అందరూ పులిచింతలలో నీళ్ళు నింపడం వల్లే అంటారు. నిజమేనా సార్? నీళ్ళ బరువుకి భూకంపం వస్తుందా?

రాళ్ళ మాస్టారు, గుంటూరు · మధ్యాహ్నం 2:50

వస్తుంది. మహారాష్ట్రలో కోయినా డ్యాము నిండాక 1967 డిసెంబరు 11న 6.3 తీవ్రతతో వచ్చింది. నీటి బరువు ఒకటే కాదు, నీరు రాతి చీలికల్లోకి దిగి, అక్కడ పట్టుకుని ఉన్న రెండు ముఖాల మధ్య పట్టు సడలిస్తుంది. వానాకాలం ఉబ్బిన తలుపును తోస్తూ ఉంటే కదలదు, కదలదు, ఒక్కసారి ధడేల్న తెరుచుకుని గోడంతా అదురుతుంది కదా, భూకంపం పని అదే. నీరు చేరితే ఆ తలుపు కాస్త ముందే తెరుచుకుంటుంది. అంతేగానీ ఒత్తిడిని నీరు పుట్టించదు, అది పలకలో ముందే ఉంటుంది.

కానీ ఒకచోట అలా జరిగింది కాబట్టి ప్రతిచోటా అదే అనకూడదు. ఏళ్ళ తరబడి నీటిమట్టం, ప్రకంపనల లెక్క పక్కపక్కన పెట్టి చూస్తే గానీ ఏ డ్యాము గురించీ మాట అనలేం. పాత చీలికలున్న నేలలో రిజర్వాయరు లేకపోయినా అదురులు వస్తాయి.

పటమట అమ్మ · సాయంత్రం 6:20

మాస్టారూ, బాబు స్కూలు నుంచి రాగానే మీరు రాసింది రెండుసార్లు చదివాడు. ఇప్పుడు ఇంకో ప్రశ్న. ముందు గ్లాసులు మోగి, ఆగి, తరవాత బిందె ఊగింది కదా, అవి రెండు భూకంపాలా అని.

రాళ్ళ మాస్టారు, గుంటూరు · రాత్రి 7:45

ఈ ప్రశ్న కోసమే పొద్దుటి నుంచి ఎదురుచూస్తున్నాను. ఒకటే భూకంపం, రెండు అలలు.

రాయి తెగగానే రెండు రకాల అదురులు ఒకేసారి బయల్దేరతాయి. మొదటిది ముందుకీ వెనక్కీ తోసుకుంటూ సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు పోతుంది. రెండోది అటూ ఇటూ ఊపుతూ సుమారు మూడున్నర కిలోమీటర్లు పోతుంది. తెగిన చోటు నుంచి బెజవాడ సూటిగా కొలిస్తే 220 కిలోమీటర్ల లోపు. లెక్క వేయి నాన్నా: మొదటిది 36 సెకన్లకు, రెండోది 62 సెకన్లకు చేరాలి. మధ్యలో సుమారు 26 సెకన్లు. గ్లాసులు మోగాక అమ్మ బాక్సు మూత బిగించి సంచిలో పెట్టేంత సేపు! అమ్మ చేతిలో గడియారం లేకపోయినా దూరం కొలిచేసింది. భూకంప కేంద్రాల్లో మిషన్లూ ఇదే చేస్తాయి. ఆ తేడా సెకన్లను 8తో గుణిస్తే ఉజ్జాయింపుగా దూరం కిలోమీటర్లలో వస్తుంది. మూడు చోట్ల నుంచి మూడు దూరాలు తెలిస్తే మ్యాపు మీద మూడు వృత్తాలు గీయి, అవి కలిసిన చోటే అధికేంద్రం, అంటే లోపల రాయి తెగిన చోటికి సరిగ్గా పైనున్న నేల.

జపాన్‌లో హెచ్చరిక మోగేదీ ఈ తేడా వల్లే. మెత్తగా వచ్చే మొదటి అలను పట్టి, గట్టి అల వచ్చేలోపు రైళ్ళు ఆపుతారు. అది జోస్యం కాదు, భూకంపం పుట్టాక పెట్టే పరుగు.

ఆదివారం వాణ్ణి మొగల్రాజపురం కొండ దగ్గరికి తీసుకెళ్ళండి. రోడ్డు కోసం చెక్కిన చోట రాయిని దగ్గరగా చూడమనండి. చారలు చారలుగా ఉండి, మధ్యలో దానిమ్మ గింజంత ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి, అవి గార్నెట్లు. ఆ రాయి పేరు ఖోండలైటు. ఒడిశా కొండల్లోని ఖోండు గిరిజనుల పేరు మీద పెట్టారు. దాని తోబుట్టువు రాళ్ళు అంటార్కిటికా తీరంలో ఉన్నాయి! 13 కోట్ల ఏళ్ళ కిందటి దాకా మన కోస్తా ఆ ఖండానికి అతుక్కుని ఉండేది. రెండూ కలిసున్న ఆ మహాఖండం పేరు గోండ్వానా, అంటే గోండుల నేల. 1912లో వెజెనర్ అనే జర్మన్ ఖండాలు కదులుతాయని చెబితే నమ్మలేదు, కదిలించే శక్తి ఏదని అడిగారు. ఆయన 1930లో గ్రీన్‌లాండ్ మంచులో చనిపోయాడు. 1960లలో సముద్రం అడుగు కొలిచాక అందరూ ఒప్పుకున్నారు.

బ్రాడీపేట ఇల్లు · 5 డిసెంబరు, ఉదయం 8:05

మాస్టారూ, మాది గుంటూరే. నిన్న భూకంపం అయ్యాక చూస్తే వెనక గదిలో కిటికీ మూల నుంచి ఏటవాలుగా పగులు ఉంది, చిటికెన వేలు గోరు దూరుతోంది. చాలా భయంగా ఉంది. ఇల్లు ఖాళీ చేయాలా?

సైట్ ఇంజనీరు, ఆటోనగర్ · ఉదయం 9:30

అండీ, తొందరపడకండి. ఆ పగులు అంచులు చూడండి. దుమ్ము, సాలెగూడు, పాత సున్నం ఉంటే అది నిన్నటిది కాదు. గుంటూరులో చాలా చోట్ల నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుని నెర్రెలిస్తుంది. పునాది ఏటా పైకీ కిందకీ ఆడుతుంటే కిటికీ మూలలే ముందు పగులుతాయి. ఎండాకాలం వెడల్పై, వానాకాలం సన్నబడే పగులు మట్టిదే.

ఒక పని చేయండి. సన్నటి గాజు ముక్కను పగులుకి అడ్డంగా రెండు వైపులా సిమెంటుతో అతికించి, పక్కన తేదీ రాయండి. గాజు విరిగితే పగులు ఇంకా కదులుతున్నట్టు. అప్పుడు దగ్గరుండి చూసే ఇంజనీరుని పిలవండి. పిల్లరు మీద గానీ, పిల్లరూ బీమూ కలిసే చోట గానీ పగులుంటే మాత్రం గాజు అంటించి ఆగకండి, ఈరోజే పిలవండి.

బ్రాడీపేట ఇల్లు · ఉదయం 10:10

చూశానండి, సాలెగూడు ఉంది. మా అత్తయ్యగారు మొన్న వేసవిలోనే చూశానంటున్నారు. ప్రాణం లేచొచ్చింది. గాజు పెడతాం.

సైట్ ఇంజనీరు, ఆటోనగర్ · ఉదయం 11:00

మంచిదండి. ఇక నాకు నిజంగా బాధ కలిగించే విషయం రాస్తాను. కొంచెం పొడుగు, చదవండి.

2001 జనవరి 26న భుజ్‌లో 7.7 వచ్చింది. అంకెకి అంకెకి మధ్య శక్తి సుమారు 32 రెట్లు. ఆ లెక్కన నిన్నటిదాని కంటే భుజ్‌ది సుమారు 4 వేల రెట్లు పెద్దది. అక్కడి నుంచి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో అపార్టుమెంట్లు కూలాయి. ఊళ్ళో అన్నీ కూలలేదు. కూలినవాటిలో చాలావాటికి ఒక పోలిక ఉంది: కింద కార్ల కోసం గోడల్లేకుండా వదిలేసిన ఉత్త పిల్లర్లు, పైన ఇటుక గోడలతో బిగిసిన అంతస్తులు. పైభాగం ఒక గట్టి పెట్టెలా ఉండి వంగదు, ఊపంతా ఆ కింది పిల్లర్ల మీదే పడుతుంది.

ఇప్పుడు బెంజి సర్కిల్ నుంచి ఏ సందులోకైనా తిరిగి చూడండి. మనం కడుతున్నదీ అదే ఆకారం. స్టిల్ట్, అంటే ఈ ఉత్త పిల్లర్ల పార్కింగ్, వద్దని చెప్పను, కార్లు ఎక్కడ పెట్టుకుంటారు? ఆ పిల్లర్లు లెక్కగట్టి లావు చేయాలి, వీలైన చోట కాంక్రీటు గోడలు దింపాలి. భూకంపాలను తట్టుకునే కట్టడాల కోసం రాసిన 2016 నాటి కోడు ప్రకారం విజయవాడ ప్రమాదం లెక్కలో జోన్ 3, హైదరాబాద్ కంటే ఒక మెట్టు ఎక్కువ. పైగా మన కింద కృష్ణమ్మ తెచ్చి పోసిన ఒండ్రు. కొండ రాయి మీద చిన్నగా తెలిసే ఊపు మెత్తటి మట్టిలో పెద్దదవుతుంది.

ఇంకొకటి రింగులు. పోయిన నెల ఒక సైట్‌కి వెళ్ళాను. పిల్లరు రాడ్లకి చుట్టిన రింగుల కొసలు 90 డిగ్రీలకు వంచి వదిలేశారు, ఎల్ అక్షరంలా. ఊపు వస్తే పిల్లరు పైపొర కాంక్రీటు ముందు ఊడుతుంది, ఊడగానే ఆ కొస విచ్చుకుంటుంది, రింగు విప్పుకుంటుంది, రాడ్లు బయటికి వంగిపోతాయి. అదే కొసను 135 డిగ్రీలకు, లోపలి కాంక్రీటులోకి గుచ్చుకునేలా వంచితే రింగు విడవదు. బీము కలిసే చోట పైనా కిందా రింగుకీ రింగుకీ మధ్య 4 అంగుళాలు మించకూడదు. పెద్దమేస్త్రి "ఇరవై ఏళ్ళుగా ఇలాగే కడుతున్నాం సార్, ఏమైంది?" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆ ఇరవై ఏళ్ళలో గట్టి ఊపు రాలేదు, అంతే. నేనే రింగు తీసుకుని పైపుతో వంచి చూపించాను. ఒక్కోదానికి పట్టింది ఐదారు సెకన్లు.

బందరు అబ్బాయి · 5 డిసెంబరు, రాత్రి 9:15

సముద్రం గురించి ఎవరూ రాయలేదు. మనకు దగ్గర్లో ఉన్న అసలైన పలక అంచు అండమాన్, సుమత్రా వైపుది. 2004 డిసెంబరు 26 ఉదయం 6:28కి అక్కడ 9.1 వస్తే, రెండు గంటలు దాటాక మంగినపూడి బీచ్‌లో నీళ్ళు లేచాయి. ఆదివారం, పౌర్ణమి, స్నానాలకు జనం వచ్చి ఉన్నారు. మా ఊరివాళ్ళు కొందరు తిరిగి రాలేదు. ఆ రెండు గంటల్లో చెప్పేవాళ్ళు ఉంటే బతికేవాళ్ళు. ఇప్పుడు హైదరాబాద్‌లో 2007 నుంచి సునామీ హెచ్చరిక కేంద్రం ఉంది. సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోతే గవ్వలు ఏరుకోవడానికి దిగకండి. వెంటనే ఎత్తుకి పరిగెత్తండి.

పటమట అమ్మ · 29 మార్చి 2025, ఉదయం 7:30

పాత చర్చను పైకి తెస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నిన్న మయన్మార్ 7.7 చూసి రాత్రి నిద్ర పట్టలేదు. బ్యాంకాక్‌లో కడుతున్న పెద్ద బిల్డింగ్ కుప్పకూలడం బాబు ఫోన్లో చూపించాడు. అది వెయ్యి కిలోమీటర్ల దూరమట కదా!

రాళ్ళ మాస్టారు, గుంటూరు · ఉదయం 9:00

అవునమ్మా. అది సగాయింగ్ భ్రంశం, అంటే నేల రెండు వైపులా జరిగే పొడవాటి చీలిక. భారత పలక ఉత్తరంగా రాసుకుంటూ పోయే అంచు అక్కడే, మన పలక పనే. బ్యాంకాక్ మెత్తటి బంకమట్టి మీద ఉంది. దూరం నుంచి వచ్చే నిదానమైన ఊపును అలాంటి మట్టి పెంచుతుంది, ఎత్తు కట్టడాలకు ఆ ఊపే సరిగ్గా తగులుతుంది. 1985లో మెక్సికో నగరంలోనూ ఇంతే, భూకంపం 350 కిలోమీటర్ల అవతల, దెబ్బ పాత చెరువు మట్టి మీద కట్టిన నగరానికి. మీ బిందె ఊగి కృష్ణలంక బాబుకి తెలియకపోవడంలోనూ ఇందులో కొంత ఉంది, అంతస్తు పెరిగేకొద్దీ ఊపు పెరుగుతుంది.

మళ్ళీ ఊగితే మెట్ల వైపు పరిగెత్తకండి, లిఫ్టు అసలే వద్దు. గట్టి బల్ల కిందకి దూరి ఆ బల్ల కాలు పట్టుకోండి, తల కాచుకోండి. ఊపు ఆగాక గ్యాస్ కట్టేసి దిగండి. డిసెంబరులో మీరు మెట్ల మీద పరిగెత్తారని బాబు ప్రశ్నలోనే తెలిసింది, అప్పుడే చెప్పాల్సింది.

పటమట అమ్మ · ఉదయం 11:20

గుర్తుంచుకుంటాం మాస్టారూ. ఇంజనీరు గారూ, మా చెల్లెలు వాళ్ళు గుంటూరు గోరంట్లలో ఇల్లు కడుతున్నారు. కింద పార్కింగ్, పైన రెండు అంతస్తులు. మీరు రాసింది దానికి పంపాను. ఎల్లుండి పిల్లర్లకి కాంక్రీటు. పొద్దున్నే టేపు తీసుకుని వెళ్ళి కొలిచి ఫోటోలు పంపింది, ఇక్కడ పెడుతున్నాను. చూసి చెప్తారా?

సైట్ ఇంజనీరు, ఆటోనగర్ · మధ్యాహ్నం 1:05

చూశానండి. బీముల దగ్గర 4 అంగుళాలు ఉంది, మేస్త్రి బాగా చేశాడు. కొక్కేలు కూడా చాలావరకు లోపలికే ఉన్నాయి. మెట్ల పక్క పిల్లరు ఫోటో పెద్దది చేసి చూడండి, కింది మూడు రింగుల కొసలు ఇంకా 90లోనే ఉన్నాయి. షట్టరింగ్ పలకలు బిగించారంటే చెయ్యి పోదు, ఈ సాయంత్రమే వంచమనండి. రేపు నేను గుంటూరు వస్తున్నాను. ఎనిమిదింటికి గోరంట్లలో ఆగి ఒకసారి చూసి వెళ్తాను. చెల్లెలు గారిని టేపు అక్కడే ఉంచమనండి.